వెన్నెల్లో చూడని రంగు

"ఏందయ్యా, రుమాలకు ఆ మరక?"

"నల్ల రంగే. సలికి బయట కూసోకు, లోపలికి పో."

మేమిద్దరం మాట్లాడుకున్న ఆఖరి మాటలివి. మా ఇంటాయన కుంఠా నాకా కూడలి దగ్గర కార్ఖానాలో నూలుకు రంగులద్దేవాడు. అప్పటికి మా వాడకు కరెంటు రాలేదు. పున్నమి వస్తే ఆడవాళ్లమంతా వాకిట్లోనే బీడీలు చుట్టేవాళ్లం. అప్పుడెవరైనా నూలు తెచ్చి రంగు కుదిరిందా అని అడిగితే ఆయన కన్నెత్తి చూసేవాడు కాదు.

"వెన్నెల్ల ఎరుపు గూడ నలుపే అయితది వదినా. పొద్దుగాల తే, జూద్దాం."

"నీ మరిదికి చందమామ మీద గూడ నమ్మకం లేదక్కా" అని నేను ఎగతాళి చేసేదాన్ని.

ఆ పున్నమి రాత్రి వాకిట్లో ఆయన దగ్గి, రుమాలు మడిచాడు. ఆయన బట్టలకు రంగు అంటడం రోజూ ఉన్నదే. నల్ల రంగంటే నమ్మాను. తెల్లారేసరికి ఆయన ప్రాణం పోయింది. తలగడ కింది రుమాలు ఎండలో విప్పితే అంతా ఎర్రటి నెత్తురు.

ఏళ్లకేళ్లు ఆయన నోటనే విన్న మాట, ఆ ఒక్కపూట ఎట్లా మరిచానో.

చెల్లె, అంతా రాసినవా? ఒకసారి చదువు. ఆయన "నల్ల రంగే" అన్నకాడ జర మెల్లగ చదువు.