బొటనవేలితో పడ్డ చీకటి

ఆవిడకు నిచ్చెన పిన్ని అని పేరు ఎవరు పెట్టారో తెలియదు గానీ, ఆవిడకన్నా పెద్దవాళ్లు కూడా పిన్నీ అనే పిలుస్తారు. ఆవిడ ఏ మొహమాటం లేకుండా పలుకుతుంది. భర్త బట్టలు కుడతాడు. ఆయన కుట్టు మిషను పక్కనే, అదే గదిలో, అదే దీపం కింద కూర్చుని ఈవిడ సీసీ కెమెరాలు విప్పి బాగుచేస్తుంది. ఆయనకు నాలుగు మెట్లెక్కితే కళ్లు తిరుగుతాయి. అందుకే మా ఇంట్లో ఎక్కే పనులు నావి, కూర్చునే పనులు ఆయనవి అని అందరికీ చెప్పి నవ్వుతుంది. ఆయన కూడా సూదిలో దారం ఎక్కిస్తూ నవ్వుతాడు.

పిన్నికి అణకువ అనేది మచ్చుకైనా లేదు. నేను చూశాక కూడా బొమ్మ రాకపోతే అది కెమెరా కాదు, గోడకు కొట్టిన మేకు అంటుంది. అయితే ఎక్కడికి వెళ్లినా సంచి విప్పే ముందు నిచ్చెన కింది మెట్టు మీద చతికిలబడి, అక్కడున్న ప్రతి ఒక్కరినీ ఏం జరుగుతోందో అడుగుతుంది. పనికి వచ్చిందా, కబుర్లకు వచ్చిందా అని విసుక్కునేవాళ్లకు లోటు లేదు. ఆవిడ విననట్టే ఉంటుంది.

ఆ అలవాటు విలువేమిటో కలప డిపోలో అందరికీ తెలిసొచ్చింది.

ఆ డిపో యజమాని చేతిలో ఉలి పట్టుకుని మొదలైనవాడు. కష్టజీవి, మంచివాడే, కాకపోతే ఏదీ పారేయడు. జానెడు చెక్క మిగిలినా దాచి, ఎప్పుడో ఒకప్పుడు దేనికో ఒకదానికి అతికిస్తాడు. డిపోకి రాత్రి కాపలా ఆయన అక్క మొగుడు. ఆ బావ పనిచేసే మిల్లు మూతపడితే, నాకు నమ్మకమైన మనిషి కావాలి బావా అని బతిమాలి మరీ తెచ్చుకున్నాడు. ఇప్పుడు ఆ నమ్మకానికే తెగులు పట్టింది.

జరిగేదిదీ. సాయంత్రం బావ వచ్చి గేటు దగ్గర బల్ల మీద కూర్చుంటాడు. కాసేపటికి ఆఫీసు గదిలోని స్క్రీన్ మీద మిగతా మూడు గడుల్లో బొమ్మలు నిక్షేపంలా ఉంటాయి, గేటు కెమెరా గడి మాత్రం నల్లబడి 'వీడియో లేదు' అంటుంది. తెల్లారి బావ ఇంటికి వెళ్లే వేళకు బొమ్మ మళ్లీ తయారు. ఇద్దరు మెకానిక్కులు వేరువేరుగా పట్టపగలు వచ్చి, బొమ్మ అద్దంలా కనిపిస్తుంటే చూసి, టీ తాగి వెళ్లారు. రెండోవాడు ఊరికే పోకుండా, ఆయన ఉన్నప్పుడే పోతోందంటే ఇక మీరే అర్థం చేసుకోండి అని ఒక పుల్ల వేసి మరీ పోయాడు.

యజమాని అర్థం చేసుకున్నాడు. బావ కునుకు తీయడానికి ప్లగ్గు పీకేస్తున్నాడని తీర్మానించుకున్నాడు. ఆ మాట బావ మొహాన అనే ధైర్యం లేక పెళ్లాంతో అన్నాడు. అది అక్క చెవిన పడడానికి ఎంతసేపు? అక్క తమ్ముడితో మాట్లాడడం మానేసింది. ఒకరి చేత ఎన్నడూ మాట పడని బావకు తల కొట్టేసినట్టయింది. చివరికి యజమాని పిన్నిని పిలిపించి, ఇవాళ సంగతి తేలకపోతే రేపటినుంచి బావని రావద్దని చెప్పేస్తానన్నాడు.

పిన్ని మధ్యాహ్నం దాటాక వచ్చింది. ఆఫీసు గదిలో, కెమెరాలన్నీ వచ్చి కలిసే రికార్డర్ పెట్టె వెనక గేటు కెమెరా వైరు పీకి పక్క కెమెరా చోట పెట్టింది. గేటు బొమ్మ అక్కడా వచ్చింది. పక్కదాన్ని దీని చోట పెడితే అదీ వచ్చింది. రికార్డర్‌ది తప్పు లేదు. అప్పుడు నిచ్చెన మెట్టు మీద కూర్చుని, గేటు కాసే ఆయన్ని పిలవమంది. ఆయన్నేం అడుగుతావు పిన్నీ అని యజమాని నసిగాడు. కెమెరా కింద రాత్రంతా ఉండేది నువ్వా, ఆయనా అంది పిన్ని.

బావ వచ్చాడు. వెనకాలే అక్క కూడా వచ్చి, తమ్ముడి వైపు చూడకుండా తలుపు దగ్గర నిలబడింది.

"అన్నయ్యగారూ, చీకటి పడ్డాక ఆ కెమెరా ఏం చేస్తుంది?" అని అడిగింది పిన్ని.

ఇన్నాళ్లలో ఆ ప్రశ్న బావని ఒక్కరూ అడగలేదు.

"కన్ను కొడుతుందమ్మా," అన్నాడు మెల్లగా. "చుట్టూ ఎర్రచుక్కలు వెలుగుతాయి, ఆరిపోతాయి, మళ్లీ వెలుగుతాయి. తెల్లారేదాకా అదే పని. ఈ వయసులో గోడ మీది కెమెరా నాకు కన్ను కొడుతోందని ఎవరికి చెప్పుకోను?"

పిన్ని చటుక్కున లేచింది. యజమానిని స్క్రీన్ ముందు కూర్చోమంది. బావని ఆ పక్క కుర్చీలో కూర్చోబెట్టి, చేతులు రెండూ బల్ల మీద అందరికీ కనిపించేలా పెట్టమంది. తను నిచ్చెన భుజాన వేసుకుని గేటు దగ్గరికి పోయి పైకెక్కింది. కెమెరా అద్దం పక్కన ఎర్రదీపాల మధ్య కందిగింజంత గాజుబిళ్ల ఒకటి ఉంటుంది. పగలో రాత్రో కెమెరాకు చెప్పేది అదే. పిన్ని దాని మీద బొటనవేలు ఆనించింది.

ఎండ ఫెళ్లున కాస్తోంది. స్క్రీన్ మీద గేటు రంగులు పోయి తెలుపూ నలుపుగా మారింది. మరుక్షణం గడి మొత్తం నల్లబడి 'వీడియో లేదు' అని పడింది. పిన్ని వేలు తీసింది, కాసేపటికి బొమ్మ వచ్చింది. వేలు పెట్టింది, పోయింది. అలా చేస్తూనే ఉంది, యజమాని పక్కకు తిరిగి బల్ల మీదున్న బావ చేతులు చూసేదాకా. ఆ చేతులు పెట్టిన చోటినుంచి కదల్లేదు.

ఇక మిగిలింది దొంగని పట్టడమే. పిన్ని కెమెరాకు కరెంటు తెచ్చే వైరు పట్టుకుని గోడ వెంట నడిచింది. దుంగల వెనక నల్ల టేపు చుట్టిన అతుకు ఒకటి దొరికింది, ఆ పైన ఇంకొకటి. మధ్యలో దారంలాంటి కాలింగ్ బెల్ వైరు. డిపో పెంచి గేటును ఆ చివరికి జరిపినప్పుడు ఉన్న వైరు చాలకపోతే, మిగిలిపోయిన ముక్కలన్నీ ఏరి తానే అతికానని యజమానికి అప్పుడు గుర్తొచ్చింది.

పిన్ని అందరికీ వినిపించేలా విడమరిచి చెప్పింది. పగలు కెమెరా ఊరికే చూస్తుంది, కాస్త కరెంటు చాలు. చీకటి పడితే తన దీపాలు తానే వెలిగించుకోవాలి, ఇంకా కావాలి. ఇంత దూరం, ఇంత సన్న వైరు, అంత మోయలేదు. దీపం వెలగగానే కెమెరా సొమ్మసిల్లుతుంది, తేరుకుంటుంది, మళ్లీ సొమ్మసిల్లుతుంది.

"అతుకు గట్టిగానే వేశాను పిన్నీ," అన్నాడు యజమాని.

"అతుకు అమోఘం. నీ అతుకులు కుర్చీలకు దాచుకో," అంది పిన్ని. తలుపు దగ్గర అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుపో నవ్వో ఆవిడకే తెలియాలి.

గేటు పైన లైటుకు ఎలాగూ కరెంటు ఉంది. ఆ సన్న వైరు వదిలేసి, కెమెరాకు కరెంటిచ్చే అడాప్టరును అక్కడికే మార్చి బిగించింది పిన్ని. వాన పడకుండా దానికి పెట్టె కావాలంటే, యజమాని పరుగున వెళ్లి మిగులు చెక్కలతో అప్పటికప్పుడు చేసి తెచ్చాడు. దానికి పిన్ని వంక పెట్టలేకపోయింది.

సంజ వాలింది. బావ ఎప్పటిలాగే వెళ్లి గేటు దగ్గర బల్ల మీద కూర్చున్నాడు. ఆఫీసు గదిలో అందరూ స్క్రీన్ వైపే చూస్తున్నారు. బొమ్మలో రంగులు వెలిసిపోయి తెలుపూ నలుపూ అయింది. అక్క కళ్లు మూసుకుంది. తెరిచేసరికి ఆయన అక్కడే ఉన్నాడు, చొక్కా గుండీలతో సహా కనిపిస్తూ. పిన్ని నడుం మీద చేతులు పెట్టుకుని, ఆ గడిని తనే కన్నట్టు చూసుకుంది.

యజమాని ఎవరికీ చెప్పకుండా బయటికి నడిచాడు. కాసేపటికి అతను గడిలోకి వచ్చాడు. బావ ముందు తల వంచుకుని నిలబడి చాలాసేపు ఏదో చెప్పాడు. ఆ కెమెరాకు చెవులు లేవు కాబట్టి ఏం చెప్పాడో ఎవరికీ తెలియదు. బావ విన్నాడు. తర్వాత బల్ల మీద కాస్త పక్కకు జరిగి చోటిచ్చాడు. యజమాని కూర్చున్నాడు. బావ కెమెరా వైపు వేలు చూపించి ఏదో అన్నాడు, ఇద్దరూ పగలబడి నవ్వారు.

అక్కకు కళ్ల వెంట నీళ్లు ధారకట్టాయి. తుడుచుకోకుండానే అడిగింది.

"పిన్నీ, ఇది రికార్డవుతోందా?"

"అవుతోంది వదినా."

"అయితే దీన్ని చెరిపెయ్యకు," అంటూ అక్క స్క్రీన్ దగ్గరికి కుర్చీ లాక్కుని కూర్చుంది.