అయిదో అంతస్తు తాడు

నా గొంతు బాగుండదు. ముప్పై ఏళ్లు నెత్తిన తట్ట పెట్టుకుని వీధుల్లో అరిచిన గొంతు, గరుకు పట్టిపోయింది. మా ఆయన ఉన్న రోజుల్లో, "నువ్వుంటే మన ఈదికి గంటక్కర్నేదే" అని నవ్వేవాడు. ఆయన పోయాక ఆ గొంతే నాకు తిండి పెట్టింది. మొలకెత్తిన బఠాణీలు ఉప్పేసి ఉడకబెట్టి, పొద్దున్నే వేడివేడిగా అమ్ముతాను. ఇక్కడ బర్మాలో వీటిని పేబ్యో అంటారు, అన్నంలో కలుపుకుంటారు. నేను పబేడాన్ పేట మొదట్లో "పేబ్యో...య్" అంటే పక్కనున్న లత పేట వీధుల్లో కిటికీలు తెరుచుకునేవి. గొప్పకి చెప్పడం లేదు, అంత మోత. ఇప్పుడు కూడా నేను చెబుతుంటే మా తెలుగు బడి పంతులమ్మ రాస్తోంది. నాకు సంతకం వరకే వచ్చు, అదీ బర్మా అక్షరాల్లో.

ఆ నేనే ఒక పిల్ల తరఫున కోర్టు మెట్లెక్కాను. ఆ సంగతి చెబుతాను.

జబ్బూ తిరుగుబాటూ ఒకదాని మీద ఒకటి వచ్చిపడ్డ కాలం అది. వీధి మొగలో జబ్బు రాకుండా వెదుళ్లు అడ్డం కట్టారు. దానికి నాలుగడుగుల ఇవతల సైన్యం బండ్లు రాకుండా కుర్రాళ్లు ఇసుక బస్తాలు పేర్చారు. ఫోన్లు ఒకరోజు పలికేవి, నాలుగు రోజులు పలికేవి కావు. ఎవరింట్లో వాళ్లు తలుపేసుకుని కూర్చున్నారు. నేను కూర్చుంటే పొయ్యి వెలగదు కాబట్టి తట్టెత్తుకుని ఆ వెదుళ్ల కిందా బస్తాల పక్కా దూరిపోయేదాన్ని.

రోజూ నా దగ్గర కొనే బర్మా అమ్మాయి ఒకతె ఉంది. దిక్కులేని పిల్లల్ని చూసే ఆఫీసులో పని. ఒక పొద్దున పొట్లం అందుకుంటూ, "డోలే, నీకు తెలుగు వచ్చు కదా?" అంది. డోలే అంటే వాళ్ల మాటలో పిన్ని.

"తెలుగు రాక ఇంకేం వచ్చు నాకు?" అన్నాను.

అప్పుడు చెప్పింది. తొమ్మిదేళ్ల తెలుగు పిల్ల. తల్లి జబ్బు చేసి పోయింది. తల్లి పడుకున్నప్పుడే పిన్ని వచ్చి ఏడాది నిండని చెల్లెల్ని పజుండౌంగ్ పేటకి తీసుకుపోయింది, ఈ పిల్ల తండ్రి దగ్గర ఉండిపోయింది. ఆ తండ్రి ఒకరోజు సైన్యం వద్దని అరిచే ఊరేగింపులోకి వెళ్లి తిరిగి రాలేదు. మూడు రోజులు పిల్ల గదిలో ఒక్కతే ఉందట. వార్డువాళ్లు తెచ్చి ఆఫీసులో అప్పజెప్పారు. ప్రస్తుతానికి లతలో ఒక ముసలి దంపతుల ఇంట్లో ఉంచారు. నోరు విప్పదు. రెండు నెలల్లో జడ్జిగారు ఎక్కడికి పంపాలో తేల్చాలి. ఉత్తరాన, బస్సులో ఒక రోజు దూరంలో, ఆడపిల్లల ఆశ్రమం ఉంది.

"జీతం లేని పని డోలే. ఇలాంటి పిల్ల దగ్గరికి వెళ్లి, చూసి, కోర్టులో దాని తరఫున చెప్పడానికి ఒక మామూలు మనిషికి కోర్టు ఉత్తరం ఇస్తుంది. చేసేవాళ్లు ఎవరూ ఇప్పుడు ఇల్లు కదలడం లేదు. నువ్వెలాగూ తిరుగుతున్నావు."

"నాకు చదువు రాదు కదమ్మా."

"చూడ్డం వచ్చు కదా? వినడం వచ్చు కదా? ఒక్కటి గుర్తుపెట్టుకో. నీకు ఏది మంచిదనిపించిందో అది చెప్పకూడదు. చూసింది చెప్పు. ఆ పిల్ల ఏం కావాలంటోందో చెప్పు. అంతే నీ పని."

ఎర్ర సీలు కొట్టిన ఉత్తరం వచ్చింది. ప్లాస్టిక్ సంచిలో చుట్టి తట్టలో గుడ్డ కింద పెట్టాను. మొదటి రోజే ఒక సిపాయి తట్ట దింపించి అంతా తీసి చూశాడు. ఉత్తరం రెండుసార్లు చదివాడు.

"నువ్వా కోర్టు మనిషివి?"

"పొద్దున బఠాణీలు బాబూ, ఎండెక్కాక కోర్టు" అన్నాను. ఒక గుప్పెడు బఠాణీలు నోట్లో వేసుకుని పొమ్మన్నాడు.

లతలో ఇళ్లన్నీ మేడలు. ప్రతి అంతస్తు బాల్కనీ నుంచీ ఒక తాడు వీధిలోకి వేలాడుతూ ఉంటుంది, చివర ఇనప క్లిప్పు. కింద అమ్మేవాళ్లం పొట్లం క్లిప్పుకి తగిలిస్తే పైవాళ్లు లాక్కుంటారు. నేను వెళ్లిన ఇల్లు అయిదో అంతస్తు. నేను మెట్ల దగ్గరికి వెళ్లానో లేదో పైనుంచి ఇంటామె కేక పెట్టింది.

"పైకి రావద్దు! జబ్బు!"

ఉత్తరం ఎత్తి చూపించాను. "కోర్టు కాగితం ఇది!"

"అది కూడా పైకి రావద్దు!"

ఇంక కిందే నిలబడ్డాను. బాల్కనీ కడ్డీల వెనకాల చిన్న మొహం ఒకటి కనిపించింది. ఏమనాలో తోచలేదు. ఊళ్లో అందర్నీ అడిగేదే అడిగాను. "ఏటి కావాలే గుంటా?"

ఆకులో పొట్లం కట్టి తాడుకి తగిలించాను. మెల్లగా పైకి పోయింది. మర్నాడూ అంతే. నాలుగో రోజు తాడు కిందికి ఖాళీగా రాలేదు. క్లిప్పుకి నా ఆకే ఉంది, కడిగి, తుడిచి, నాలుగు మడతలు పెట్టి. ముప్పై ఏళ్లలో నాకు ఆకు కడిగి తిరిగిచ్చినవాళ్లు లేరు. ఆఫీసు అమ్మాయికి అదే చెప్పాను. "ఆకు కడిగింది." నవ్వుతుందనుకున్నాను. పుస్తకంలో రాసుకుంది.

పదిరోజులు దాటాక ఒక పొద్దున, పైనుంచి వీధంతా వినబడేట్టు, "మామ్మా! ఉప్పు సాల్నేదు!"

పక్క టీకొట్టువాడు కప్పు పట్టుకుని అలాగే పైకి చూశాడు. "ఓలమ్మో! ఇన్నాల్టికి నోరిప్పి నా ఉప్పుకే వొంక పెట్టీసినావా?" అన్నాను.

"మా అమ్మయితే బాగా ఏసీది!"

తల్లి సంగతి ఆ పిల్ల మొదటిసారి చెప్పడం అలాగ. అప్పట్నుంచి రోజూ మాటలే. ఇంటాయనకి గురక అని, ఇంటామె మంచిదే గాని కూరలో చేపల ముద్ద ఎక్కువేస్తుందని. అంతా పైనుంచే. ఆఫీసు అమ్మాయి మెట్లెక్కి ఎదురుగా కూర్చుంటే మాత్రం పెదవి కదిపేది కాదు. ఎందుకో కొన్నాళ్లకి తెలిసింది. అంతకుముందు ఎదురుగా కూర్చుని అడిగినవాళ్లందరూ మీ నాన్న ఎక్కడున్నాడనే అడిగారు. నేను ఆ మాట ఎన్నడూ ఎత్తలేదు.

ఒకరోజు తాడు దించకుండానే, "మామ్మా, సెల్లికి పై పళ్లొచ్చాయో నేదో ఎల్లి సూసి రా" అంది.

సైడ్‌కారు, అంటే ఇక్కడి సైకిల్ రిక్షా, ఎక్కి పజుండౌంగ్ వెళ్లాను. కాలవ దగ్గర, నేలమీద ఒక్క గది. పిన్ని చంకలో చంటిది ఉంది. పిన్ని మొగుడు బర్మా అతను, సైడ్‌కారు తొక్కుతాడు, వాకిట్లో గొలుసుకి నూనె పెడుతున్నాడు. చంటిదాని నోట్లో వేలు పెట్టి చూశాను, కొరికింది. పళ్లు వచ్చాయి.

"పెద్దదాని సంగతేటే?" అన్నాను.

పిన్ని కళ్లనీళ్లు పెట్టుకుంది. "నాకు మాత్రం ఉండదేటత్తా? మా అక్క కడుపున పుట్టిన గుంట. రాత్రి ఇంట్లో ఎవలు పడుకున్నా ఆల్ల పేరు వార్డాపీసులో రాయించాల కదా. తండ్రి పేరేటని అడుగుతారు. ఆ పేరు సెప్పీసినాక మా తలుపు కొట్టకుండా ఉంటారేటి? బయమత్తా."

భయం లేదని ఎలా చెప్పను? మొగుడు నూనె డబ్బా పక్కన పెట్టి నా ఉత్తరం అడిగాడు. చదివి, సీలు మీద వేలు పెట్టాడు.

"ఇది చూపిస్తే నిన్ను వదిలేశారా?"

"వదిలేశారు."

"పిల్లకి ఇలాంటిది ఉంటే మేం దాచినట్టు కాదు. కోర్టు ఇచ్చినట్టు." పెళ్లాం వైపు చూశాడు. పిన్ని ముక్కు తుడుచుకుని, "సీలుండాలత్తా. సీలుంటే తెచ్చీసుకుంటాను" అంది.

ఆఫీసు అమ్మాయి సంతోషపడింది గాని, "పై అధికారి రిపోర్టులో ఒక్క గది ఇల్లు, మాట్లాడని పిల్ల, ఆశ్రమమే నయం అని ఉంది. జడ్జి పిల్ల నోటితో వినాలి డోలే" అంది.

అక్కడే నేను తప్పు చేశాను. కోర్టుకి ముందురోజు తాడు కింద నిలబడి పిల్లకి పాఠం చెప్పాను. "పెద్దామె ముందు సేతులు కట్టుకో. తలొంచుకో. మొకంలోకి సూడకు. ఏటడిగినా 'హొకే సయామ' అను." అంటే, అలాగేనమ్మగారూ అని. "ఎదురు సెప్పకు!" మా ఆడపిల్లల్ని మేం పెంచేది అలాగే, బర్మావాళ్లు మాకన్నా ఒక ఆకు ఎక్కువే చదివారు. పదిసార్లు అనిపించాను. పైనుంచి బుద్ధిగా పదిసార్లు అంది. నాకే గర్వంగా ఉంది ఆ రోజు.

కోర్టు పాత మేడ, పిల్లల కేసులు వినే గది మొదటి అంతస్తులో. పక్కన కిటికీ, కింద పెరడు. జడ్జి కళ్లద్దాలామె, మూతికి గుడ్డ. కసురుకునే మనిషి కాదు, మెల్లగానే అడిగింది.

"ఆశ్రమంలో నీలాంటి పిల్లలున్నారు, బడి ఉంది. వెళ్తావా?"

చేతులు కట్టుకుని, తల దించుకుని, "హొకే సయామ."

"అక్కడ బాగుంటుందనుకుంటున్నావా?"

"హొకే సయామ."

"మీ పిన్ని ఇల్లు చిన్నది. నువ్వు కూడా వెళ్తే ఆమెకి కష్టం. అర్థమైందా?"

"హొకే సయామ."

జడ్జి కలం తీసింది. ఆ పిల్ల నేను నేర్పినట్టే చేస్తోంది, ఒక్క ముక్క తప్పకుండా. నేను లేచాను. కోర్టు కదా, మెల్లగా మాట్లాడాలని ముందే అనుకున్నాను. నా గొంతు మెల్లగా పెడితే మాట రాదు, గాలే వస్తుంది.

"గట్టిగా చెప్పండి" అంది జడ్జి.

"తప్పు నాదమ్మా!" కిటికీ రెక్కలు అదిరాయి. "హొకే అనమని నేనే నేర్పాను. అది దాని మాట కాదు, నా మాట."

"అయితే పిల్లకి ఏం కావాలో మీరు చెప్పండి."

"ఇప్పుడు నేను చెబితే అదీ నా మాటే అవుతుంది. దాని నోటితోనే వినండి. ఎదురుగా ఉంటే మాట్లాడదమ్మా. రెండు నెలలూ అది పైనా నేను కిందా. నన్ను పెరట్లోకి వెళ్లనివ్వండి."

ఆఫీసు అమ్మాయి తల బాదుకున్నంత పని చేసింది. జడ్జి కలం మూత పెట్టింది. "నన్ను ఇలా అడిగినవాళ్లు ఇంతవరకూ లేరు" అంది. "వెళ్లండి. తొందరగా."

పెరట్లో ఒక జీపు, నీడన నలుగురు ప్లీడర్లు, గేటు దగ్గర తుపాకులతో ఇద్దరు. నెత్తిన తట్ట లేకపోతే నాకు ఒళ్లు తూలినట్టుంటుంది. ఆ రోజుల్లో అలాంటి చోట గొంతెత్తితే ఏమవుతుందో తెలుసు. ఉత్తరం చేత్తో ఎత్తి పట్టుకున్నాను, కళ్లు మూసుకుని అరిచాను.

"పేబ్యో...య్!"

గేటు దగ్గర ఒకడు తుపాకీ సర్దుకుని నా వైపు వచ్చాడు. సీలు చూపించి మళ్లీ అరిచాను. కిటికీలో ముందు జుట్టు కనిపించింది, తరవాత మొహం.

"ఏటి కావాలే గుంటా?"

ప్లీడర్లు కూడా పైకి చూస్తున్నారు. పిల్ల కిటికీ కడ్డీ పట్టుకుంది.

"సెల్లి కావాలి మామ్మా!"

"ఇంకేటి కావాలి?"

"పిన్నింటికెల్తాను! ఆ బస్సెక్కను! ఆడికెల్లను!" ఎవరూ అడక్కుండానే అదంతా మళ్లీ బర్మాలో అరిచింది. ఆ తరవాత, "సెల్లికి తల నానే దువ్వుతాను! నీల్లు నానే పోత్తాను! పిన్నికి కట్టం నేదు!"

ఆ చివరి మాట నాకు కాదు. ఇంతకుముందు జడ్జి అడిగినదానికి జవాబు అది. అది కూడా బర్మాలో చెప్పింది. పిల్ల పక్కన కళ్లద్దాలు కనిపించాయి.

"విన్నాను, పైకి రండి" అంది జడ్జి. "ఇంక అరవక్కర్లేదు."

మూడు నెలలు పిన్ని దగ్గర ఉంచి చూద్దామని రాసింది. నేను వారం వారం వెళ్లి చూడాలి, ఆఫీసు అమ్మాయి నెలకోసారి. సీలు మాత్రం ఎర్రగా, పెద్దగా కొట్టారు. పిన్ని దాన్ని దేవుడి పటం పక్కన గోడకి అంటించింది. తలుపు ఎవరూ కొట్టలేదని చెప్పను. ఒకసారి కొట్టారు. పిన్ని గోడ వైపు చెయ్యి చూపించింది, చదివి వెళ్లిపోయారు. మూడు నెలలయ్యాక మళ్లీ కాగితం ఇచ్చారు, ఈసారి గడువు లేదు. తండ్రి కబురు ఇంకా తెలియలేదు. ఆ పిల్ల పడుకునేటప్పుడు గడప దగ్గర ఆయన చెప్పులకి చోటు వదులుతుంది, అక్కడ మేమెవరం ఏదీ పెట్టం.

మొదటి వారం నేను వెళ్లినప్పుడు నేలమీది ఇల్లు కదా, తాడు లేదు, ఎత్తు లేదు. పిల్ల నా ఎదురుగా నిలబడి కాళ్లవైపు చూస్తూ ఉండిపోయింది. పొట్లం చేతికిచ్చి నేను కావాలనే వీధివైపు తిరిగి కూర్చున్నాను. ఆకు విప్పిన చప్పుడు. నమిలిన చప్పుడు. తరవాత నా వీపు వెనక నుంచి, చిన్నగా, "ఈయాల ఉప్పెక్కువైపోనాది మామ్మా."

తిరిగి చూశాను. మొహం దించుకోలేదు.

మొన్న వెళ్లేసరికి ఇంట్లో గొడవ. చెల్లికి ఏ గౌను వెయ్యాలో పిన్ని ఒకటంటే పెద్దది ఇంకొకటి అంటోంది, నడుమ్మీద చెయ్యేసుకుని. చంటిది మధ్యలో బట్టల్లేకుండా నిలబడి నాలాగే గొంతు బొంగురు చేసి "బ్యోయ్, బ్యోయ్" అని అరుస్తోంది.

"సూడత్తా, పెద్దంతరం సిన్నంతరం నేకుండా ఎదురు సెప్తన్నాది" అంది పిన్ని. "ఎవలు నేర్పినారో!"

"సెప్పనీయే" అన్నాను. "కోర్టు దాకా ఎల్లి నేర్సుకున్నాది."