అమ్మ ఎంచుకున్న తూటా

మొన్న శనివారం ఆష్‌బర్న్‌లో స్నేహితుల ఇంటికి భోజనానికి వెళ్లి, గరాజ్‌లో చెప్పులు విడుస్తుంటే ఒక వాసన తగిలి అక్కడే నిలబడిపోయాను. కిరోసిన్‌లో మగ్గిన అరటిపండు కలిపినట్టుండే ఆ వాసన తుపాకీ గొట్టం శుభ్రం చేసే నూనెది. ఆ ఇంటాయన శ్రీధర్ ఈమధ్య ఊరికి దూరంగా కాస్త పొలం కొని కోళ్లు పెంచుతున్నాడు. వాటిని నక్కల్లాంటి కయోటీలు ఎత్తుకుపోతున్నాయని రైఫిల్ తెచ్చుకున్నాడట. నేను నెబ్రాస్కాలో పెరిగానని వాళ్లావిడ చెప్పినట్టుంది, పప్పుచారు వడ్డిస్తూనే అడిగాడు.

"అక్కా, కయోటీకి ఏ తూటా బెటర్? ఆన్‌లైన్‌లో ఒక్కొక్కడు ఒక్కోటి చెప్తున్నాడు, ఏదీ డిసైడ్ చేసుకోలేకపోతున్నా."

చెప్పబోయి ఆగాను. ఆ ప్రశ్నకి జవాబు నా తొమ్మిదో ఏట మా అమ్మ వెతుక్కుంది. అది అన్నం తింటూ చెప్పేంత చిన్నది కాదు.

నాన్న డాక్టరు. నెబ్రాస్కా పడమటి కొసన, మనుషులకంటే పశువులు ఎక్కువున్న ఒక చిన్న ఊరికి సర్జన్‌గా వచ్చి అక్కడే ఉండిపోయాడు. ఊరికి నాలుగు మైళ్ల అవతల మా ఇల్లు. ఎటు చూసినా గడ్డి, గడ్డి మీద గాలి. వసంతంలో ఆ గాలి తడిమట్టి వాసనతో వచ్చేది, ఎండాకాలం కోసిన ఎండుగడ్డి తీపివాసనతో, శీతాకాలంలో ఏ వాసనా లేకుండా చెవుల్ని కోస్తూ వచ్చేది. అమ్మ పెరట్లో గోంగూర వేసేది. ఆ గాలికి ఆకులు చిరిగి పీలికలైనా పచ్చడికి పనికొచ్చేవి. ఉగాదికి మామిడికాయ దొరక్క పుల్లటి పచ్చి ఆపిల్ తరిగి వేసేది. చాలాకాలం ఉగాదిపచ్చడి రుచంటే అదేననుకున్నాను నేను.

మేకలు మాకు అనుకోకుండా వచ్చాయి. నాన్న దగ్గర వైద్యం చేయించుకున్న ఒక ముసలాయన ఊరు విడిచి వెళ్లిపోతూ, రెండు ఆడమేకల్ని తోలుకొచ్చి అమ్మకి ఇచ్చిపోయాడు. కందుకూరు దగ్గర పల్లెలో మేకల మధ్యే పుట్టి పెరిగిన అమ్మ, ఈ దేశం వచ్చాక మొదటిసారి నోరారా నవ్వడం ఆ రోజే చూశానని నాన్న అంటూండేవాడు. మూడేళ్లలో రెండూ ఏడయ్యాయి. ఈనిన మర్నాడు ముర్రుపాలలో బెల్లమూ మిరియమూ యాలక్కాయా వేసి జున్ను కాచేది. ఆవిరికి వంటింటి కిటికీ అద్దాలు మసకబారేవి. ఆ అద్దాల మీద వేలితో బొమ్మలు గీస్తూ, గిన్నె ఎప్పుడు దించుతుందా అని నేను పొయ్యి చుట్టూ తిరిగేదాన్ని. తెల్లవారుతూనే అమ్మ చీర మీద నాన్న పాత ఓవర్‌కోటు తొడుక్కుని పాలు పితకడానికి వెళ్తే, వెనకే నేనూ వెళ్లి ఒక వెచ్చటి మేకపిల్లని ఒళ్లో పెట్టుకుని కూర్చునేదాన్ని.

కయోటీలు వచ్చింది నా తొమ్మిదో ఏట, వసంతంలో. కయోటీ మన నక్కకంటే కాస్త పెద్దది, తోడేలుకంటే బక్కది, రెండింటి తెలివీ ఉన్నది. పది రోజుల్లో మూడు పిల్లలు పోయాయి. మూడోది నా ఒళ్లో పెరిగిన తెల్లచెవుల పిల్ల. అమ్మ కంచె ఎత్తు పెంచింది, కొట్టంలో దీపం పెట్టింది, రేడియో మోగుతూ వదిలేసింది. ఆ రేడియో పాటలు వింటూనే నాలుగో పిల్లని పట్టుకుపోయాయి.

తుపాకీ కొందామని అమ్మ అన్నప్పుడు నాన్న ఒప్పుకోలేదు. ఆ ఊళ్లో తుపాకీ లేని ఇల్లు మాదొక్కటే. ప్రమాదవశాత్తూ పేలిన తుపాకులు మనిషి ఒంటిని ఏం చేస్తాయో, వాటిని కుట్టి బాగుచేసే ఆయనకి తెలుసు. వారం రోజులు ఇద్దరూ అవసరమైన మాటలే మాట్లాడుకున్నారు. చివరికి అన్నం పెడుతూ అమ్మ అంది:

"అవి నన్ను నమ్ముకోని ఉన్నాయండీ. నేను కాయలేనంటే ఎవురికన్నా ఇచ్చేస్తా. ఉంచుకోని చంపుకోలేను."

ఆ శనివారం ముగ్గురం వాల్టర్ కొట్టుకి వెళ్లాం.

వాల్టర్‌ది ఇనుప సామాన్ల కొట్టు. మేకులు, తాళ్లు, విత్తనాలు, తుపాకులు అన్నీ ఒకే కప్పు కింద. నడుస్తుంటే చెక్కనేల కిర్రుమనేది. అరవై దాటిన మనిషి, ఒక చెవి సరిగా వినపడదు. కయోటీల సంగతి విని ఆయన నాన్న వైపు తిరిగి చెప్పడం మొదలుపెట్టాడు. నాన్న ఒక అడుగు వెనక్కి వేసి, కాల్చేది తను కాదనీ, ఆవిడకే చెప్పమనీ అన్నాడు. తుపాకీ వద్దని వారం పట్టుబట్టిన మనిషి ఆ మాట అన్నందుకు అమ్మ ఒకసారి ఆయన వంక చూసింది.

వాల్టర్ బల్ల మీద నాలుగు తూటాలు వరసగా నిలబెట్టాడు. పట్టుకు చూడమని నన్నూ పిలిచాడు. చల్లగా, నున్నగా, వాటి పొడవుకి మించిన బరువుతో ఉన్నాయి. అన్నిటికంటే చిన్నది ట్వంటీ టూ, కుందేళ్లకి చాలు, కయోటీని గాయపరిచి వదిలేస్తుందన్నాడు. సీసాలా మెడ సన్నబడ్డ ట్వంటీ టూ టూ ఫిఫ్టీ మూడు నాలుగు వందల గజాలదాకా గీత గీసినట్టు పోతుందట, చప్పుడు మాత్రం చెవులు పగిలేలా ఉంటుంది. టూ ఫార్టీ త్రీ బరువైనది, గాలికి లొంగదు, జింకకి కూడా పనికొస్తుంది, కానీ భుజాన్ని గట్టిగా తంతుంది. మిగిలింది టూ ట్వంటీ త్రీ. తన్ను తక్కువ, చప్పుడు కాస్త తక్కువ. రెండు వందల గజాల లోపు గురి చూసి కొడితే కయోటీకి అది చాలు.

ఊళ్లో అందరూ మెచ్చుకునేది రెండోదాన్ని. అమ్మ నాలుగింటినీ చేతిలోకి తీసుకుని చూసి, తనకొచ్చిన ఇంగ్లీషులో రెండు సంగతులు అడిగింది. తగిలితే కయోటీ నొప్పి పడకుండా పోవాలి, ఏది అలా చేస్తుంది? తగలకపోతే ఆ గుండు ఎక్కడిదాకా పోతుంది? మా కంచె అవతల ఒక దిబ్బ ఉంది, దాని అవతల రోడ్డు, ఆ రోడ్డు మీదే నేనెక్కే స్కూలు బస్సు వచ్చేది.

వాల్టర్ స్టూలు లాక్కుని కూర్చుని, మా వరండా నుంచి కంచెకి ఎంత దూరమని అడిగాడు. నూట యాభై గజాలు, ముందే అడుగులతో కొలిచి వచ్చింది అమ్మ. అప్పుడాయన టూ ట్వంటీ త్రీని ముందుకి జరిపాడు. దానిలో తేలికపాటి గుండు ఉన్నది తీసుకుంటే, నేలకి తగలగానే పొడిపొడైపోతుంది, ఎగిరి ఎటో పోయే భయం తక్కువ అన్నాడు. అయినా వెనకాల దిబ్బ లేని చోటికి ఎప్పుడూ కాల్చవద్దనీ, దూరం మించితే ఎంత ఆశ పుట్టినా ట్రిగ్గర్ మీంచి వేలు తీసెయ్యమనీ మరీ మరీ చెప్పాడు. అమ్మ తల ఊపి, ఆ తూటా పట్టే రైఫిల్ తీసుకుంది.

ఆ ఎండాకాలమంతా ఆదివారాలు వాల్టర్ వచ్చి నేర్పించాడు. గోనెసంచి మీద బోర్లా పడుకుని అమ్మ ఊపిరి సగం వదిలి ఆపడం, దిబ్బకి ఆనించిన అట్టముక్క మీద చిల్లు పడటం, కాల్చిన మందు వాసన గడ్డివాసనలో కలిసిపోవడం ఇప్పటికీ కళ్లముందే ఉన్నాయి. చల్లారిన ఖాళీ తూటాల ఇత్తడి గొట్టాలు నావి. ఐదింటితో అచ్చంగాయలు ఆడేదాన్ని, మూతి పెదవికి ఆనించి ఈల ఊదేదాన్ని. ప్రాక్టీసు అయ్యాక అమ్మ అందరికీ మేకపాల టీ, పకోడీలు పెట్టేది. వాల్టర్ పచ్చిమిరపకాయలు ఏరి పక్కన పెట్టి తినేవాడు. నాన్న లోపల పేపరు చదువుకునేవాడు, బయటికి వచ్చేవాడు కాదు.

ఫిబ్రవరిలో, రాత్రంతా మంచు పడి తెల్లారిన ఒక ఉదయం, కొట్టం దగ్గర మేకలు ఒక్కసారిగా అరిచాయి. అప్పటికే ఒక కయోటీ రెండు రోజుల పిల్లని నోట కరుచుకుని కంచె దాటింది. మేము వరండాలోకి వచ్చేసరికి దిబ్బ వాలు పక్కన, మా కంచెకి ఎంత దూరమో దానికి రెండింతల దూరంలో ఆగి వెనక్కి చూసింది. గాలి అడ్డంగా వీస్తోంది. అమ్మ తుపాకీతో వరండాలోని చాప మీద బోర్లా పడుకుంది. నోట్లోని పిల్ల ఇంకా కదులుతోంది. అమ్మ కాల్చింది.

కయోటీ పడి, లేచి, పిల్లని వదిలేసి, వెనక కాలు ఈడ్చుకుంటూ వాగు వైపు పోయింది. మేం వెళ్లేసరికి పిల్ల చచ్చిపోయి ఉంది. పక్కనే మంచు మీద ఎర్రటి చుక్కలు. అమ్మ మొహం తెల్లబోయింది.

"పద బుజ్జీ. దాన్నట్టా వదిలేసి మనం ఇంట్లో కూచోకూడదు."

నాన్న ఆసుపత్రిలో ఉన్నాడు, అమ్మ నన్ను ఇంట్లో ఒంటరిగా వదల్లేదు. ఎక్కడ ఆగమంటే అక్కడ ఆగాలనీ, తన వెనకే నడవాలనీ మాట తీసుకుని బయలుదేరింది. చుక్కలు ఒకచోట మాయమయ్యేవి, ఇంకోచోట గుప్పెడంత మేర మంచు ఎర్రబడి ఉండేది, అది అక్కడ పడుకుని లేచినట్టు. మధ్యాహ్నానికి ఎండిన వాగులో అడవి రేగు పొదల కింద కనిపించింది. అమ్మ నన్ను గట్టు ఇవతలే ఆపి అటు తిరిగి చెవులు మూసుకోమంది. మూసుకున్నా వినిపించింది.

నేను వెళ్లేసరికి అమ్మ దాని పక్కన మోకాళ్ల మీద కూర్చుని ఉంది. నేననుకున్నంత పెద్దది కాదది. ఒక చెవి ఎప్పుడో చిరిగింది, బూడిదరంగు బొచ్చు మీద మంచు రవ్వలు ఇంకా కరగలేదు. నాకు దాని మీద కోపం వస్తుందనుకున్నాను, రాలేదు.

అప్పుడే గట్టు మీద నాన్న కనిపించాడు. మధ్యాహ్నం ఇంటికి వస్తే తలుపులు బార్లా తెరిచి ఉన్నాయట, జాడ పట్టుకుని వచ్చాడు. దిగి వచ్చి ముందు నన్ను ఒకసారి గట్టిగా పట్టుకుని వదిలాడు. అమ్మ తల ఎత్తకుండా చెప్పింది:

"తప్పు తూటాది కాదండీ, నాది. అంత దూరం కొట్టకూడదని తెలుసు. తెలిసే కొట్టాను."

నాన్న ఆమె పక్కన మంచులోనే కూర్చున్నాడు.

"నా చేతిలోనూ తప్పులు జరిగాయి సుశీలా. కుట్లు విప్పి మళ్లీ లోపలికి వెళ్లి చూడటం తప్ప చేయగలిగిందేమీ ఉండదు. నువ్వు వెళ్లావు."

ముగ్గురం కలిసి దాన్ని పొదల కిందే రాళ్లతో కప్పాం. తుపాకీ నాన్న మోశాడు, మొదటిసారి. మర్నాడు ఆయనే, ఇంతకు మించి కాల్చకూడదన్న హద్దుగా, కంచె వెంట కొయ్యలు పాతి ఎర్రగుడ్డలు కట్టాడు. వాటి అవతల నిలబడిన కయోటీల్ని అమ్మ తుపాకీ మీది స్కోప్‌లోంచి చూసి, ఊరికే అరిచి తరిమేసేది. తర్వాతి ఆరేళ్లలో మూడింటిని మాత్రం కొట్టింది. మూడూ నిలబడ్డచోటే పడిపోయాయి.

శ్రీధర్‌కి ఆ రోజు చెప్పింది ఇంతే. ముందు నీ పొలంలో అడుగులు కొలుచుకో, వెనకాల ఏముందో చూసుకో, తూటా సంగతి ఆ తర్వాత. అతను ఫోన్‌లో రాసుకున్నాడు.

వాల్టర్ పోయి చాలా ఏళ్లయింది. కొట్టు మూతపడింది. మేమున్న చోట గడ్డి తీసేసి మొక్కజొన్న వేశారు, వాగునీ చదును చేశారు. జున్నుకి ముర్రుపాలు ఎక్కడ దొరుకుతాయో నాకు తెలియదు. అమ్మ పోయి ఆరేళ్లు. ఆవిడ కర్మలన్నీ అయ్యాక, నాన్న మా ఇంట్లో కిటికీ దగ్గర కూర్చుని, అప్పటిదాకా ఎన్నడూ చెప్పని సంగతి ఒకటి చెప్పాడు. ఆ మధ్యాహ్నం ఇంటి నుంచి బయలుదేరినప్పుడు మంచులో మా ఇద్దరి అడుగుల జాడలూ ఉంటాయని చూశాడట. ఒక్కరివే ఉన్నాయి. నేనేమైపోయానో తెలియక, వాగుదాకా ఉన్న రెండు మైళ్లలో మొదటి సగం పరుగెత్తుతూనే ఉన్నాడట. సగం దూరం పోయాక గాని ఆయనకి తోచలేదు, ఆ అడుగులు అమ్మవే గాని, అమ్మ నడకవి కావు. మరీ దగ్గరదగ్గరగా ఉన్నాయి. ఒక్కో అడుగులోనూ రెండు సైజుల బూట్ల అచ్చు. ప్రాణం పోతున్న జంతువు వెనక పరిగెత్తాల్సిన ఆ తొందరలో కూడా, వెనక వచ్చే తొమ్మిదేళ్లదాని కాళ్లకి అందేలా, వాగుదాకా అంత చిన్న అడుగులే వేసింది అమ్మ.

నాకది అప్పటిదాకా తెలియదు. ఆ రోజు మంచులో నడవడం అంత తేలికగా ఎందుకుందో ఎప్పుడూ ఆలోచించలేదు.