ఇసుక కుండలో ఇన్సులిన్

నాకు యాభై అయిదో ఏట అక్షరాలు వచ్చాయి. అంతకుముందు చెప్పేవాళ్లు లేక కాదు. రెండిళ్ల వంట ముగించి కూర్చుంటే కళ్లు మూసుకుపోయేవి. మోకాళ్లు అరిగి ఒక ఇల్లు మానేశాకే, రహమత్ నగర్‌లో మా చర్చివాళ్ల సాయంత్రం బడికి వెళ్లాను. అందుకే ఆ తుఫాను సంగతి ఇప్పటికి రాస్తున్నాను.

అప్పుడు జూబ్లీ హిల్స్‌లో ఒకరింట్లో వంట చేసేదాన్ని. ఎండాకాలం. తీరం దాటిన తుఫాను ఇటే వస్తోందనీ, కరెంటు రెండు మూడు రోజులు ఉండకపోవచ్చనీ టీవీలో చెప్పారు.

"జనరేటర్ ఉందిగా, నీకెందుకు కంగారు?" అన్నారు అమ్మగారు.

"డీజిల్ ఒక్క పూటకే ఉన్నదమ్మా," అన్నాడు వాచ్‌మన్. "తొవ్వల చెట్టు పడితే డీజిల్ బండి గాడనే ఆగుతది."

నేను సముద్రం పక్కన పుట్టినదాన్ని. తుఫానుకంటే తర్వాతి రోజులే కష్టం. మోటారు వేయించి ట్యాంకు నింపించాను. బిందెలు, బకెట్లు, ఆఖరికి ఇడ్లీ పాత్ర కూడా నింపాను. నిలవుంటుందని పులిహోర కలిపాను. ఇక మిగిలింది అమ్మగారి అత్తగారి ఇన్సులిన్. ఆవిడకు రెండు పూటలా సూది పడాల్సిందే.

ఫ్రిజ్ తీస్తే కొత్త సీసాలు రెండూ లేవు. పైన ఐసు అరలో రాళ్లలా ఉన్నాయి.

"ఎక్కువసేపు చల్లగా ఉంటాయని పొద్దున నేనే పెట్టాను," అన్నారు అమ్మగారు.

"గడ్డకడితే ఇంక పనిచెయ్యదండీ. మా ఆయనకు ఇదే సూది వేసేప్పుడు నర్సమ్మ మరీ మరీ చెప్పింది."

అమ్మగారి మొహం పాలిపోయింది. తలుపు అరలో వాడుతున్న సీసా ఒక్కటే మిగిలింది. మందుల షాపులు అప్పటికే మూసేశారు.

పక్కన కడుతున్న ఇంటి దగ్గర ఇసుక అడిగి తెమ్మని వాచ్‌మన్‌ను పంపాను. పెద్ద కుండలో ఇసుక పోసి, మధ్యలో చిన్న కుండ దించి, ఇసుకంతా తడిపాను. సీసాను స్టీలు డబ్బాలో పెట్టి చిన్న కుండలో ఉంచి, పైన తడిగుడ్డ కప్పాను.

"నా ప్రాణం తీసుకెళ్లి కుండలో దాచావటే?" అంది పెద్దావిడ.

"మాటిమాటికీ గుడ్డ తీసి చూడకండి, చిలక ఎగిరిపోద్ది," అన్నాను.

సాయంత్రం గాలికి కరెంటు పోయింది. నేను అక్కడే ఉండిపోయాను. తెల్లారేసరికి జనరేటరూ ఆగింది. వాచ్‌మన్ అన్నట్టే సందు మొదట్లో చెట్టు పడి, డీజిల్ బండి రాలేదు. ఇంట్లో అప్పటికే ఉక్క.

కుండ తెరిచి సీసా చెంపకు ఆనించుకున్నాను. బావినీళ్లంత చల్లగా ఉంది. అమ్మగారు పెద్దావిడకు సూది వేశారు, నేను పులిహోర పెట్టాను. తర్వాత సీసాను మళ్లీ కుండలో దించి, ఇసుక మీద చెంబెడు నీళ్లు పోశాను.