నా బిడ్డ నాతో మళ్ళీ మాట్లాడిన రోజు

సహోదరులారా, సహోదరీలారా, నా కూతురు కీర్తన తొమ్మిది రోజులు నాతో ఒక్క మాట మాట్లాడలేదు, ఆ మౌనంలోనుండి దేవుడు మమ్మల్ని ఎలా విడిపించాడో చెప్పడానికే ఈ రోజు మీ ముందు నిలబడ్డాను.

మాది కొండాపురం దగ్గర పునరావాస కాలనీ. స్నానానికి కాచిన నీళ్ళు ఒలికి ఆరేళ్ళ కీర్తన కాళ్ళు రెండూ కాలిపోయాయి, జమ్మలమడుగుకు తీసుకెళ్తే అక్కడి నుంచి ప్రొద్దుటూరులో ఒక ఆసుపత్రికి పంపారు, అక్కడ రోజు విడిచి రోజు కట్టు మార్చేటప్పుడు బిడ్డ గింజుకుంటుంటే నేనే, కన్నతల్లినే, దాని చేతులు అదిమి పట్టుకునేదాన్ని! మూడోసారి తర్వాత అది గోడవైపు తిరిగి పడుకుంది, ముద్ద పెడితే నోరు తెరవలేదు, పిలిస్తే పలకలేదు. ఆరో రోజు వరండాలో మోకరించి, "ప్రభువా, కాళ్ళు మానుతాండాయి గానీ నా బిడ్డ నాకు దూరమైపాయ, దాన్ని నాకు తిరిగి ఇయ్యి తండ్రీ" అని ఏడ్చాను.

మరుసటి రోజే షాహీన్ వచ్చింది. పులివెందుల అమ్మాయి. ఆసుపత్రిలో ఉన్న పిల్లల భయాన్ని, దిగులును పోగొట్టడమెలాగో బెంగళూరులో పీజీ చదువుతూ శిక్షణకు మా వార్డుకు వచ్చింది. అలాంటి చదువొకటి ఉంటుందని నాకు తెలియనే తెలియదు! మంచం పక్కన నేలమీద కూర్చుని, పాపను ఏమీ అడగకుండా, ఒక గుడ్డబొమ్మ కాలికి కట్టు కడుతూ విప్పుతూ ఉంది. రెండు రోజులు అంతే. మూడో రోజు కీర్తన చెయ్యి చాపి ఆ బొమ్మను తీసుకుని, దాని చేతులు రెండూ గట్టిగా అదిమి పట్టింది. నా గుండె పగిలిపోయింది.

షాహీన్ నన్ను ఒక్క మాట అనలేదు. "అక్కా, రేపట్నుంచి నువ్వు పట్టుకోవద్దు, ఒళ్ళో కూర్చోబెట్టుకో సాలు. పాపా, నొప్పైతే ఆపు అను, ఆపుతాం" అంది. డాక్టరు గారిని, నర్సమ్మను కూడా ఒప్పించింది.

మరునాడు కట్టు విప్పుతుంటే నా ఒళ్ళో బిడ్డ "ఆపు" అంది. నర్సమ్మ నిజంగానే చేతులు వెనక్కి తీసుకుంది! కీర్తన ఆమె చేతులనే కాసేపు చూసి, ముఖం నా రొమ్ముకు ఆనించి, "మా, ఇంగ కట్టమను. నువ్వు యాడికీ పోవద్దు" అంది. దేవునికే మహిమ!

ఆ సాయంత్రం నా బిడ్డను క్షమాపణ అడిగాను. ఇప్పుడది బడికి నడిచి వెళ్తోంది. పాస్టరు గారు వస్తారని నేను ఎదురు చూస్తుంటే దేవుడు ఒక ముస్లిం ఆడబిడ్డను పంపాడు, ఆ తల్లి పేరు నా ప్రార్థనలో లేని రోజు లేదు. బిడ్డ మంచం పక్కన కూర్చుని, దేవుడు వినడం లేదనుకుంటున్న అమ్మ ఎవరైనా ఇక్కడ ఉంటే, అక్కా, ఆయనను నమ్ము. నా బిడ్డ నాకు పలకని ఆ రోజుల్లో కూడా ఆయన నాకు పలికాడు.