కొత్త రూటరు, పాత అడ్రసు

గవర్నర్‌పేటలో పెళ్లిళ్ల ఫొటో స్టూడియో నడిపే హేమలతకి ఆ ఉదయం తలుపు తీస్తూనే గట్టి దెబ్బే తగిలింది. ఫొటోలన్నీ దాచే స్టోరేజీ బాక్సు ఏ కంప్యూటర్లోనూ కనబడటం లేదు. ఆల్బమ్ ఎంచుకోడానికి కంకిపాడు పెళ్లివారు అప్పుడే మెట్లెక్కుతున్నారు.

"డిస్కులు పోయాయేమో మేడమ్," అన్నాడు ఎడిటర్ బంగార్రాజు, మొహం వేలాడేసుకుని.

ఆ బాక్సుకి వైర్లు లాగి బిగించింది హేమలతే. "పోతే బాక్సు మీద ఎర్ర లైటు వెలిగేదండీ, పచ్చగానే ఉందిగా. నిన్న రూటరు మార్చాం, బాక్సులో పాత రూటరు ఇచ్చిన నెట్‌వర్క్ అడ్రసే ఉండిపోయుంటుంది. అందుకే కనబడటం లేదు."

లాప్‌టాప్‌ని నేరుగా బాక్సుకి కలిపి, అడ్రసు మార్చి, మళ్లీ రూటరుకి తగిలించింది. తెరమీద ఫొటోల ఫోల్డర్లు వరసగా తేలాయి.

"రామ్మా, కూర్చో," అంటూ పెళ్లికూతురికి కుర్చీ జరిపింది. "తలంబ్రాల నుంచి మొదలుపెడదామా?"