టీజో కొబ్బరిమొక్క

మా మారిగో ఊళ్లో మంచి రొట్టె కావాలంటే వెర్లీనా పొయ్యి దగ్గరికే వెళ్లాలి. మాట కరుకు, చెయ్యి మంచిది. ఎవరైనా దయ్యాల మాటెత్తితే "పనీపాటా లేదా మీకు" అని కసిరేది. పక్కింట్లో ఉండి ఆ కసుర్లు నేనూ చాలానే తిన్నాను.

ఆమె గర్భసంచిలో గడ్డలుండేవి. రెండుసార్లు కడుపు నిలవలేదు. పట్నం ఆసుపత్రిలో పొట్ట కోయకుండా, మణికట్టులోంచి సన్నటి గొట్టం పంపి, గడ్డలకి రక్తం అందకుండా చేశారు.

"అవి ఎండిపోతాయి, ఏదైనా ఊడి బయటికి రావచ్చు కూడా. తర్వాత బిడ్డ పుట్టొచ్చు. కాకపోతే గర్భం జారే భయముంది, బిడ్డ మాయ లోపలే అతుక్కుపోయే భయముంది," అని డాక్టరమ్మ దాచకుండా చెప్పింది. వెర్లీనా చెవికెక్కింది బిడ్డ అన్న మాటొక్కటే.

కొన్నాళ్లకి నొప్పులొచ్చి ఓ గడ్డ పడిపోయింది. అత్త ఫిలోమీన్ దాన్ని తెల్లగుడ్డలో చుట్టి, పెరట్లో పాతి, పైన కొబ్బరిమొక్క నాటింది. పుట్టిన బిడ్డ బొడ్డుతాడు పాతి చెట్టు నాటడం మాకు మామూలే. గడ్డకి నాటినవాళ్లని మాత్రం నేనెక్కడా చూడలేదు.

"అది బిడ్డ కాదత్తా, చచ్చిన కండ," అంది వెర్లీనా.

"నాకు ముక్కు కనబడిందే," అంది ముసలామె. టీజో అని పేరు కూడా పెట్టింది. పొద్దుగూకేసరికి నీళ్లు పోసి, "తిన్నావా టీజో" అని అడిగేది. వింటుంటే నాకే ఒళ్లు జలదరించేది.

వెర్లీనాకి మళ్లీ నెల తప్పింది. ఇక కొబ్బరాకు కదిలితే చాలు, పొట్ట పట్టుకునేది. ఓ రోజు కత్తి తీసుకుని పెరట్లోకి వెళ్లింది.

"నరుకు. వాడికి కోపమొస్తే కడుపులోదాన్ని వెంట తీసుకుపోతాడు," అంది అత్త.

వెర్లీనా నవ్వేసి కత్తి పక్కన పడేసింది. కానీ ఆ రోజు నుంచి పెరటి తలుపు తెరవలేదు.

నెలలు నిండాక ఆపరేషన్ చేసి ఆడపిల్లని తీశారు. బిడ్డ బతికింది. మాయ మాత్రం ఊడి రాలేదు. నెత్తురు ఆగకపోయేసరికి గర్భసంచి తీసేశారు.

పిల్ల బొడ్డు ఊడిన రోజు ఫిలోమీనే కత్తి పట్టుకుని మొక్క దగ్గరికొచ్చింది. "నాదే బుద్ధితక్కువ. అది గడ్డేనమ్మా. దీన్ని నరికేద్దాం, పిల్ల బొడ్డు వేరేచోట పాతుదాం," అంది.

వెర్లీనా పిల్లని నా చేతికిచ్చి, అత్త చేతిలోంచి కత్తి తీసుకుంది. దాంతోనే ఆ మొక్క మొదట్లో మట్టి తవ్వి, బొడ్డుతాడు పెట్టి కప్పింది.

"ఇంక నాకు పిల్లలు పుట్టరత్తా. దీనికి తోడెవరున్నారు, వీడు తప్ప?"

నాకు ఏడుపొచ్చింది, భయమూ వేసింది. వెర్లీనా చెంబుతో నీళ్లు పోసింది.

"తిన్నావా టీజో," అని అడిగి, జవాబు కోసం ఆగింది.